చిత్త చుక్కకూ బెల్లం పొయ్యికీ మధ్య నా నౌకరి

“చుక్క కోసం పొయ్యి ఆర్పాల్నా? మతి ఉండే మాట్లాడుతున్నవా చెల్లె?”

“ఒక్క సాయంత్రం అన్నా. అమాస నాడు ఒక్క సాయంత్రం.”

“ఒక్క సాయంత్రానికి రసం పులుస్తది. పులిసిన రసంతోని బెల్లం గట్టిపడదు, నీకు ఎరుకనే. నీ చుక్క దిగొచ్చి వండిపెడుతదా?”

“నరికితేనే కదా రసం. ఆనాడు నరకకు.”

“నరకకుంటే కూలోళ్ళు ఏం జేస్తరు? నా మొఖం చూసుకుంట కూసుంటరా? వాళ్ళకు జొన్నలు కొలిచేది నువ్వా, నీ దుర్బిన్ సార్లా?”

“అదంత నేను చూసుకుంట. పొయ్యి ఆర్పుతవా, ఆర్పవా? అది చెప్పు.”

“ఆర్ప.”

“అయితే నేను ఈడికెల్లి కదల.”

అని ఆ గానుగ పక్కన చెరకు పిప్పి కుప్ప మీద కూర్చున్నాను. కోపంతో కాదు, విసుగుతో. కోపమైతే కాసేపటికి దిగిపోతుంది. విసుగు అలా కాదు. అడుగంటిన పాలగిన్నె లాంటిది, ఎంత తోమినా వాసన పోదు. ఆ చలికాలం మొదలుకొని ఒక పక్క చదువుకున్న ఇద్దరు సార్లు, ఇంకో పక్క చదువుకోని ఈ అన్న, పైన నోరు విప్పని ఆ చుక్క, అందరూ కలిసి నన్ను విసిగించారు.

నేను దవాఖానలో ఆయాగా పనిచేసి రిటైరైన మనిషినని మీలో కొందరికి తెలుసు. దానికి ముందు, పంతొమ్మిది వందల అరవైలలో, నేను చేసిన మొదటి నౌకరి మాత్రం ఎవరికీ తెలియదు. కొత్తగా ఉద్యోగాల్లో చేరే పిల్లలు దీన్ని చదివితే మంచిది. పని చెడిపోవడానికి చెడ్డవాళ్ళే ఉండనక్కర లేదని తెలుస్తుంది. అందరూ మంచివాళ్ళై, ఎవరి పని వాళ్ళు బుద్ధిగా చేస్తున్నా చెడిపోతుంది.

జహీరాబాద్ నుంచి బొంబాయి సడకు మీద చిరాగ్‌పల్లి దిక్కు పోతుంటే ఎడమ చేతికి ఒక రాతి గుట్ట ఉండేది. మేకలు తప్ప ఎవరూ ఎక్కని గుట్ట. సంక్రాంతి ముందర హైదరాబాదు నుంచి ఇద్దరు సార్లు లారీలో డేరాలు, చెక్కపెట్టెలు తెచ్చి దాని మీద దిగారు. సర్కారు ఎక్కడో చుక్కలు చూసే ఒక పెద్ద దుర్బిన్ కట్టించాలని చూస్తోందట. ఏ గుట్ట మీద గాలి నిలకడగా, ఆకాశం శుభ్రంగా ఉంటుందో ముందు చిన్న దుర్బిన్‌తో చూసి, బాగుందంటే అక్కడే కడతారట. వాళ్ళకు వంట చేసి, నీళ్ళు మోసి, పగటిపూట సామాను కావలి కాసే మనిషి కావాలన్నారు. ఊళ్ళో ఎవరూ ముందుకు రాలేదు. రాత్రిళ్ళు మేలుకొని పగలు పడుకునే మగవాళ్ళు మంచివాళ్ళు కారని మా వాడకట్టులో అనుకున్నారు. నేను పోయాను. అప్పటిదాకా అల్లం తోటల్లో తవ్వకానికి పోయేదాన్ని. చలికాలం పొద్దున తడిమట్టిలో వంగి అల్లం తవ్విన నడుముకు ఏ పనైనా పండుగే.

పెద్దసారు హైదరాబాదీ మనిషి. తల నెరిసింది. మెడకు ఎప్పుడూ మఫ్లరు. “నా నౌకరంత గుట్టలెక్కుడే అయింది బిడ్డా. ఇది పాసైతే ఇగ దిగుడు లేదు” అనేవాడు. చిన్నసారు కృష్ణా ఒడ్డు పిల్లవాడు. మీసం సరిగా రాలేదు గానీ మాట మాత్రం ముదురు. నన్ను “అక్కయ్యా” అని పిలిచేవాడు. పిలిచిన ప్రతిసారీ ఏదో ఒకటి అడిగేవాడు.

చేరిన వారానికి పెద్దసారు నాతో ఒక మాట అన్నాడు. “గుట్ట పాసైతే ఈడ పక్కా ఇమారత్ లేస్తది. కావలికి మొదటి నౌకరి నీదే. కావలి మనిషికి ఈడనే ఒక అర్ర కట్టిస్తరు, రాతి గోడలు, తలుపు, గొళ్ళెం, అన్ని.”

ఆ మాట నన్ను పట్టుకుంది. మా ఆయన బొంబాయి లారీ మీద క్లీనరు. మేము మా బావగారి ఇంటి వసారాలో గోనెపట్టా కట్టుకొని ఉండేవాళ్ళం. ఇద్దరు పిల్లలు. పట్టా అవతల మా తోడికోడలు నా కూరలో ఉప్పెంత వేశానో వాసన బట్టి చెప్పేది. మూసుకోవడానికి తలుపు లేని కాపురం ఎట్లా ఉంటుందో చేసినవాళ్ళకే తెలుసు. మరునాడే నేను గుట్ట మీద గాలి తగలని మూల ఒకటి చూసుకున్నాను. నీళ్ళు మోసుకొచ్చే ప్రతిసారీ దారిలో దొరికిన చదునైన రాయి ఒకటి తెచ్చి అక్కడ పెట్టేదాన్ని. పొయ్యిగట్టుకు పనికొస్తాయని. సర్కారువాళ్ళు గోడ కడతారు గానీ పొయ్యి మనకు నచ్చినట్టు కట్టరు కదా.

ఇక మా సార్ల సంసారం వినండి.

వాళ్ళు దుర్బిన్‌లో ముఖ్యంగా చూసేది ఒక చుక్కను. చిత్త నక్షత్రం. చిత్త అంటే నాకు కార్తె. వాన తగ్గుముఖం పట్టే కాలం, తెల్లజొన్న విత్తుకునే అదను. అదే మాట అన్నాను. చిన్నసారు నవ్వి, “ఆ కార్తెలో ఆ నక్షత్రం కనబడదక్కయ్యా. అప్పుడు సూర్యుడు దాని పక్కనే ఉంటాడు” అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. పేరు దానిది పెట్టి, ఆ పదిహేను రోజులు దాన్నే కనబడకుండా చేయడమేమిటి? లగ్గం పత్రికలో పేరు వేసి పెళ్ళికొడుకును కొట్టంలో దాచినట్టుంది.

పని లేనప్పుడు చిన్నసారు దాని గురించి ఊరికే చెప్పేవాడు. అది నీలం కలిసిన తెలుపట. కమ్మరి కొలిమిలో ఇనుము ముందు ఎర్రబడి, తరువాత పసుపై, ఇంకా కాగితే తెల్లబడుతుంది కదా, ఆ తెలుపును కూడా దాటిన వేడికి నీలం వస్తుందట. మన సూర్యుడు దాని ముందు చల్లారిన పెనమట. పైగా అది ఒకటి కాదు, రెండట. ఒకదాని చుట్టూ ఒకటి నాలుగు రోజులకొకసారి తిరిగొస్తాయట.

“మీరు చూసిన్రా రెండిటిని?” అన్నాను.

“కనబడవు. మరీ దగ్గరగా ఉంటాయి. దాని వెలుగును గాజుతో విడదీస్తే అందులో గీతలు కనబడతాయి. ఆ గీతలు రెండుగా చీలి అటూ ఇటూ జరుగుతాయి. దాన్నిబట్టి తెలుస్తుంది.”

“నాలుగు రోజులకు ఒక తిరుగుడంటే మా ఆయన బొంబాయి పోయొచ్చినంత. ఆయన కూడ కనబడడు. సంచిలో మాసిన బట్టలు చూసి వచ్చిండని తెలుసుకోవాలె.”

పెద్దసారు చాయ పొలమారేదాకా నవ్వాడు. నేను నవ్వలేదు. ఉన్న సంగతి చెప్పాను.

ఇక వాళ్ళ నియమాలు. పొద్దు గుంకాక పొయ్యి అంటించొద్దు, పొగ దుర్బిన్ మీదికి వస్తుంది. లాంతరుకు ఎర్రగుడ్డ చుట్టాలి. చుట్ట, బీడీ ఎవరూ కాల్చొద్దు. సరే. అందుకని మధ్యాహ్నమే జొన్నరొట్టెలు చేసి గుడ్డలో చుట్టి పెట్టేదాన్ని. రాత్రి తినేటప్పుడు పెద్దసారు రొట్టె వంచి చూసి, “ఇది అట్టలెక్క అయింది బిడ్డా” అనేవాడు. చిన్నసారుకు అసలు జొన్నరొట్టె దిగదు, అన్నం కావాలి, అదీ వేడిగా. పొయ్యి వద్దంటారు, వేడి కావాలంటారు. “మీ చుక్క అంత వేడిదన్నరు కద, దాని మీద పెట్టుకొని తినుండ్రి” అన్నాను ఒకనాడు. ఆ పూట ఇద్దరూ చల్లటి రొట్టెలే తిన్నారు.

వాళ్ళ దుబారా చూస్తే నేను తట్టుకోలేకపోయేదాన్ని. అద్దం తుడవడానికి తెల్లటి కొత్త దూది. ఒక్కసారి తుడిచి పారేస్తారు. నేను ఆ దూదిని ఉతికి, ఎండబెట్టి, వత్తులు చేసుకునేదాన్ని. చిన్నసారు ఒక అగ్గిపుల్ల గీసి గాలికి ఆరిపోతే ఇంకొకటి గీసేవాడు. చెయ్యి అడ్డం పెట్టుకోవాలని వాళ్ళమ్మ నేర్పలేదు.

మాఘం దాటేసరికి అసలు తగాదా మొదలైంది. ఆ చుక్క పొద్దుగూకాక ఆగ్నేయం మూల నుంచి లేస్తుంది. గుట్టకు ఆగ్నేయాన అంతా చెరకు. చెరకు తోటల నడుమ, సరిగ్గా చుక్క లేచే దిక్కున, మా అన్న బెల్లం పొయ్యి. అన్న అంటే తోడబుట్టినవాడు కాదు, ఊరి వరస. వాళ్ళ తాత కర్ణాటక దిక్కు నుంచి వచ్చి ఇక్కడ భూమి చేసుకున్నాడు. ఆయన ఇంట్లో కన్నడం, బజారులో తెలుగు మాట్లాడతాడు. కోపమొస్తే మాత్రం మరాఠీ. ఎడ్లు గానుగ తిప్పుతుంటే రసం కారుతుంది. ఆ రసాన్ని పెద్ద కడాయిలో పోసి, పిండగా మిగిలిన పిప్పినే ఎండబెట్టి పొయ్యిలో వేస్తారు. ఒక్క పుల్ల కొనే పని లేదు. ఆ పొదుపు చూస్తే నాకు ముచ్చటేసేది. ఆ పొగే మా చుక్కకు అడ్డం.

చిన్నసారు దుర్బిన్‌కు ఒకసారి నీలి అద్దం, ఒకసారి పసుపు అద్దం పెట్టి చుక్క వెలుగు కొలిచేవాడు.

“నీలి అద్దంలో మసకబారుతోంది సార్. నీలం వెలుగును పొగ తినేస్తోంది. ఇట్లా చూస్తే దాన్ని నీలిచుక్క అని ఎవరూ అనరు, పసుపుచుక్క అంటారు” అనేవాడు.

“అద్దంలకెల్లి చూసుడు బంద్ చేసి కన్నుతోని చూడు. ఎంత నిలకడగున్నదో చూడు! జర్రంత వణుకుతున్నదా? ఇసొంటి గాలి నాకు ఏ గుట్ట మీద దొరకలే” అనేవాడు పెద్దసారు.

“గాలి మంచిదే సార్. పొగ సంగతి చెబుతున్నాను.”

“పొగ ఉగాది దాటినంక ఉండదు.”

“మళ్ళీ చలికాలం వస్తుంది కదండీ.”

“నువ్వు మళ్ళ చలికాలం దాక బతికితే అప్పుడు చూద్దం!”

వీళ్ళిలా రోజూ. మధ్యలో చుక్క నడినెత్తికి ఎక్కి, పడమటికి వాలి పోయేది. ఎవరి మాట నిజమని నన్నడిగితే ఇద్దరిదీ నిజమే. ఇద్దరిదీ నిజమైనప్పుడు వచ్చే తగాదా అంత తొందరగా తెగదు.

అంతలో ఢిల్లీ నుంచి పెద్దాఫీసరు వస్తున్నాడని తెలిసింది. ఉగాది ముందరి అమావాస్య సాయంత్రం గుట్ట చూసి, అవునో కాదో ఆ రోజే చెప్పిపోతాడట. తేదీ ఆయనే పెట్టాడు, మార్చడానికి లేదు. అప్పుడు బెల్లం పని మంచి ఊపు మీద ఉంటుంది. సార్లిద్దరూ మొదటిసారి ఒక్క మాట మీదికి వచ్చి, పంట్లాము ఇస్త్రీ చేసుకొని మా అన్న దగ్గరికి పోయారు. సర్కారు పని అని చెప్పారట. ఆయన ఇద్దరికీ చెరకురసం తాగించి, “సర్కారుకు నా శరణు చెప్పండి” అని దండం పెట్టి పంపించాడట.

తిరిగొచ్చి నా మీద పడ్డారు. “మీ ఊరాయనే కదా అక్కయ్యా, నువ్వు చెబితే వింటాడు.”

“చుక్క మీది. ఆఫీసరు మీ ఆఫీసరు. అడుక్కునేది నేనా?”

పెద్దసారు నేను రాళ్ళు పేర్చుకున్న మూల దిక్కు ఒకసారి చూశాడు. చాలు. చెంగు దోపుకొని గుట్ట దిగాను.

అట్లా మొదలైంది మీరు పైన చదివిన కొట్లాట. పిప్పి కుప్ప మీద నేను కూర్చునే ఉన్నాను. ఎడ్లు తిరుగుతూనే ఉన్నాయి. పొద్దు వాలింది. ఆఖరికి అన్న విసుక్కుంటూ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

“నీకేమొస్తది చెల్లె ఇందుల? నిజం చెప్పు.”

“తలుపున్న అర్ర వస్తది” అన్నాను.

మా వసారా, మా గోనెపట్టా ఆయనకు తెలుసు. “సరే. మరి నా ఒక దినం నరుకుడు ఆగుతది. తెల్లారి రెండింతలు నరకాలె. మనుషులేరి?”

“నేనొస్త. మా వాడకట్టు ఆడోళ్ళను తోలుకొస్త. బదులు పని. వాళ్ళకు మళ్ళ నేను పోత.”

మా దిక్కు బదులు పని అంటే తెలిసిందే. ఈ రోజు నువ్వు నా చేనుకు, రేపు నేను నీ చేనుకు. చేతిలో ఏమీ లేనివాళ్ళ బ్యాంకు అది. అన్న తల ఊపాడు. “పొయ్యి ఆర్పుత. చెయ్యి పెట్టి చూసుకున్నా సల్లగుండాలె, అట్ల ఆర్పుత. నా మాట మాట.”

ఆయన మాట మాటే. అది నేను ఎక్కడైనా చెబుతాను. వాడకట్టుకు వచ్చి ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్ళను ఒప్పించాను. ఎవరి కలుపుకు నేను పోవాలో, ఎవరి పసుపు వండడానికి పోవాలో ఒప్పుకుంటూ పోయాను. మా తోడికోడలు కూడా వస్తానంది. ఆమెకు మేము వసారా ఖాళీ చేస్తామని ఆశ.

అమావాస్య వచ్చింది. పొద్దున్నే గుట్టంతా ఊడ్చాను. దుమ్ము లేవకుండా నీళ్ళు చల్లాను. మధ్యాహ్నానికే రొట్టెలు, పప్పు, అన్నం అయిపోయాయి. పెద్దసారు మఫ్లరు తీసి టై కట్టుకున్నాడు. చిన్నసారు అద్దాలు తుడిచిందే తుడిచాడు, దూది ఎంత పారేశాడో చూసి కూడా ఆనాడు నేనేమీ అనలేదు. పొద్దు గుంకేముందు ఆగ్నేయం దిక్కు చూశాను. గానుగ ఆగింది. పొయ్యి దగ్గర పొగ లేదు. ఆకాశం కడిగిన పళ్ళెం లాగుంది. అన్నను మనసులోనే దీవించాను.

పెద్దాఫీసరు జీపులో వచ్చాడు. సన్నటి మనిషి, మాట తక్కువ. నా వంట ముట్టలేదు, గోరువెచ్చని నీళ్ళు మాత్రం అడిగాడు. పొయ్యి లేని గుట్ట మీద గోరువెచ్చని నీళ్ళు! పగలు ఎండకు కాగిన బిందెలోవి ఇచ్చాను. తాగి, బాగున్నాయన్నాడు.

చీకటి పడింది. ముందు పడమటి చుక్కలు చూశాడు, తరువాత నెత్తి మీదివి. మాటలు ఇంగిలీషులో. నాకు మాట తెలియదు గానీ ముఖం తెలుస్తుంది. దుర్బిన్ దగ్గర నుంచి లేచినప్పుడల్లా ఆయన తల ఊపాడు. పెద్దసారు ఒకసారి నా దిక్కు తిరిగి రెండు వేళ్ళతో గొళ్ళెం పెట్టినట్టు చూపించాడు. చీకట్లో నాకు నవ్వొచ్చింది. నేను ఆ మూల రాళ్ళ దగ్గర నిలబడి ఉన్నాను. తలుపు తూర్పుకు పెట్టించుకోవాలా, ఉత్తరానికా అనుకుంటున్నాను.

“చిత్త చూపించండి” అన్నాడట ఆఫీసరు. చిన్నసారు దుర్బిన్ తిప్పాడు. చుక్క అప్పుడే చెరకు తోటల మీద బాగా పైకి లేచింది. నాక్కూడా కనబడుతోంది. తెల్లగా, చల్లగా, నీలిమందు కలిపిన నీళ్ళలో ముంచి తీసిన చీర అంచు లాగా. ఆఫీసరు వంగి చూశాడు.

అప్పుడు వినబడింది ఆ చప్పుడు. చిటపట, చిటపట, పేలాలు వేగినట్టు. చెరకు దిక్కున పుట్టిన ఎవరినీ ఆ చప్పుడు ఏమిటని అడగనక్కర లేదు. ఎండిన చెరకాకు అంటుకుంటే అట్లా పేలుతుంది. చూస్తుండగానే కింద ఎర్రగా వెలుగు లేచింది. దాని మీద పొగ, పొయ్యి పొగ లాగా సన్నగా కాదు, దుప్పటి పరిచినట్టు. గాలి నిలకడగా ఉంది కదా, మా పెద్దసారు మురిసిపోయిన గాలి, ఆ పొగ ఎటూ పోకుండా నిలబడింది. చుక్క పసుపయింది. పసుపు నుంచి రాగి రంగుకు వచ్చింది. ఆ తరువాత లేదు.

నేను గుట్ట దిగి పరుగెత్తాను. సగం దారిలో అన్నే ఎదురొచ్చాడు. తలకు రుమాలు, చేతిలో భగభగమనే పెట్రోమాక్స్, ఇంకో చేతిలో ఆకు కప్పిన పళ్ళెం.

“ఏంది అన్నా ఇది! ఏంది!”

“ఏమైంది? ఆఫీసరుకు బెల్లం తెస్తున్న. నిన్నటి ఆఖరి కడాయిది, పూసలెక్కున్నది.”

“పొయ్యి ఆర్పుతనంటివి కద!”

“ఆర్పిన! వచ్చి చెయ్యి పెట్టి చూడు, బూడిద గూడ సల్లగున్నది.”

“మరి గా మంట?”

“అది పొయ్యి కాదు, చెత్త. నరికిన మడిల ఆకు ఎన్నాళ్ళకెల్లో పడి ఉన్నది. అది కాలితేనే కద మొదళ్ళకెల్లి మళ్ళ చెరకు లేసేది. కూలోళ్ళు పొద్దటికెల్లి ఊకెనే కూసున్నరు చెల్లె. పని లేకుంట జొన్నలు తింటున్నరని నువ్వే తిడుదువు. గాలి లేదు, మంచిగ కాలుతదని అంటించమన్న.”

ఆ చేను నాదై, ఆ కూలీలు నావాళ్ళై ఉంటే నేనూ ఆ సాయంత్రం అదే పని చెప్పేదాన్ని. పొయ్యి ఆర్పమన్నాను, ఆర్పాడు. నిప్పే వద్దని నేను చెప్పలేదు. చెప్పాల్సి వస్తుందని ఎవరికి తట్టింది? సర్కారు చదువులు చదివిన ఇద్దరికి తట్టలేదు, నాకూ తట్టలేదు.

“ముందు గా లైటు ఆర్పు” అన్నాను.

“చీకట్ల పెద్దమనిషి దగ్గరికి లైటు లేకుంట పోతరా? మర్యాద కాదు” అని నన్ను దాటి పైకి ఎక్కాడు.

చెరకాకు మంట ఆర్పేది కాదు. కాలవలసిందంతా కాలాలి. నేనూ వెనకే ఎక్కాను. పైన ఆఫీసరు నిలబడి మంటను చూస్తున్నాడు. ఏదో అడిగాడు. పెద్దసారు గబగబా జవాబు చెప్పబోయాడు. ఆఫీసరు చెయ్యి ఎత్తి ఆపి, చిన్నసారును అడిగాడు. చిన్నసారు తల వంచుకొని నాలుగు మాటలు చెప్పాడు. తరువాత నాకు తెలుగులో చెప్పాడు: “పొగ ఎన్నాళ్ళుంటుందని అడిగారు. చలికాలమంతా ఉంటుందని చెప్పాను అక్కయ్యా. అబద్ధం చెప్పలేకపోయాను.” నిజం చెప్పేవాణ్ణి నేనేమనగలను? అనాలనిపించింది, అంతే.

అన్న పెట్రోమాక్స్ కింద పెట్టి, నమస్కారం పెట్టి, పళ్ళెం ముందుకు చాచాడు. ఆ వెలుగులో ఇక ఏ చుక్కా లేదు. ఆఫీసరు ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు. ఇంకొకటి తీసుకున్నాడు. నా వంట ముట్టని మనిషి!

వెళ్ళేముందు ఆయన పెద్దసారుతో అన్న మాట కూడా చిన్నసారే చెప్పాడు. “వీళ్ళు ఎప్పటి నుంచో ఇక్కడ బెల్లం వండుకుంటున్నారు. వీళ్ళ పొయ్యిలు ఆర్పించి మనం నక్షత్రాలు చూడటం బాగుండదు. మనమే ఇంకో గుట్ట చూసుకుందాం.” మంచి మాట. తప్పు పట్టడానికి లేదు. అందుకే ఇంకా మండింది.

జీపు పోయింది. అన్న మాత్రం పొంగిపోయాడు. “ఢిల్లీ ఆఫీసరు మన బెల్లం మెచ్చిండు చెల్లె! రెండు ముక్కలు తిన్నడు! ఇంతకు మీ పని ఎట్లయింది?”

“అయింది” అన్నాను.

“రేపు పొద్దుగాలనే రావాలె మరి, ఆడోళ్ళను తోలుకొని.”

“వస్త.”

ఆయన దిగిపోయాడు. పెద్దసారు టై విప్పి మడిచి జేబులో పెట్టుకొని, ఒక చెక్కపెట్టె మీద కూర్చున్నాడు. నేను చల్లారిన రొట్టె ఇచ్చాను. వంచి చూడలేదు, తిన్నాడు. మంట అణిగింది. చుక్క పైకి ఎక్కుతూ ఎక్కుతూ పొగ దుప్పటిని దాటింది. మళ్ళీ నీలంగా, తెల్లగా, ఏమీ ఎరగనట్టు.

“ఇప్పుడా? ఇప్పుడొచ్చి ఏం లాభం?” అన్నాను దానితో.

చిన్నసారు, “అక్కయ్యా, ఇన్నాళ్ళలో నువ్వు ఒక్కసారీ చూడలేదు. రా” అన్నాడు. నిజమే. ఇన్నాళ్ళు నాకు తీరిక లేకపోయింది. అది నా పని కూడా కాదు. వంగి, ఒక కన్ను మూసి చూశాను. పళ్ళెమంత కనబడుతుందనుకున్నాను. ఇంత దుర్బిన్‌లోనూ అది చుక్కే. కాస్త పదునెక్కింది, అంతే.

“పెద్దగ కాలేదేంది?”

“ఎంత పెద్ద దుర్బిన్‌లో చూసినా అంతేనక్కయ్యా. అంత దూరం అది. ఇప్పుడు నీ కంట్లో పడ్డ వెలుగు మన తాతల తాతలు పుట్టకముందు అక్కడి నుంచి బయలుదేరింది.”

నేను లెక్క వేసుకున్నాను. అన్నేళ్ళు ఆగకుండా నడిచి వచ్చింది. దారిలో దానికి ఎవరూ అడ్డం రాలేదు. ఆఖరికి మా గుట్ట ఇంత దూరంలో ఉందనగా, మా అన్న చెరకు చెత్త దగ్గర ఆగిపోయింది. సరిగ్గా ఆఫీసరు కన్ను పెట్టిన పూట. ఇది ఎవరికి చెప్పుకోవాలి?

పిల్లలూ, ఆ తరువాత దవాఖానలో చాలా ఏళ్ళు చేశాను. ఎవరైనా “నేను చెప్పిన పని చేశాను కదా” అంటే నాకు ఆ చిటపటలు వినబడేవి. చెప్పిన పని చేయడం ఒకటి, ఎందుకు చెప్పారో అడగడం ఇంకొకటి. నేను అన్నకు పొయ్యి గురించి చెప్పాను, తలుపు గురించీ చెప్పాను. ఆ రెంటి నడుమనున్న చుక్కకు పొగ ఎట్లా అడ్డమో మాత్రం విప్పి చెప్పలేదు. ఆయనకెందుకులే అనుకున్నాను.

మరునాడు తెల్లవారకముందే లేచాను. పిల్లలకు రొట్టెలు చేసి పెట్టాను. మా తోడికోడలు “పని ఎట్లయింది?” అని అడిగింది. “నడువు, పొద్దెక్కుతుంది” అన్నాను. వాడకట్టు ఆడవాళ్ళం ఎనిమిది మందిమి కొడవళ్ళు పట్టుకొని చెరకు తోటకు పోయాము. అన్న మాకు వరుసలు చూపించాడు. రెండింతలు నరికాము. ఎండ ఎక్కేసరికి గానుగకు ఎడ్లను కట్టారు, రసం కడాయిలోకి పోశారు, పొయ్యి అంటించారు. పొగ లేచింది. గుట్ట మీద సార్లు డేరా తాళ్ళు విప్పుతుంటే కనబడింది. నేను ఆకాశం దిక్కు చూడకుండా, నా వరుస చివరిదాకా నరికాను.